యాభై అయిదు నిమిషాలు

ఆ టికెట్ ఆఫీసులో ఆమెకు 'రెండు గంటలమ్మ' అని పేరు. పెట్టింది పక్క బల్ల దగ్గర వీసా కాగితాలు చూసే కుర్రాడు. ఆమె అతన్ని 'తమ్ముడూ' అనేది. విమానం మారేచోట కనీసం రెండు గంటలు ఎడం లేని టికెట్ ఆమె చేత ఇప్పించడం ఎవరి తరమూ కాదు. "గంటంపావు ఉంది కదండీ, కంప్యూటరే చూపిస్తోంది కదా" అని ఎవరైనా బతిమాలితే, "కంప్యూటర్‌కి కాళ్లు లేవండీ, నడవాల్సింది మీరు" అని స్క్రీను తనవైపు తిప్పేసుకునేది.

"అక్కా, మొన్న లిఫ్టు కోసం కూడా రెండు గంటలు ముందొచ్చి నిలబడ్డారటగా?" అనేవాడు తమ్ముడు.

"నవ్వు నాయనా, నవ్వు. రేపు నీ ప్యాసింజరు ఏ ఎయిర్‌పోర్టు బెంచీ మీదో పడుకుని నీకు ఫోన్ చేస్తే, అప్పుడు నేను నవ్వుతాను."

అలాంటి మనిషి ఆ సోమవారం పొద్దున పదకొండు గంటలకు, విమానానికీ విమానానికీ మధ్య యాభై అయిదు నిమిషాలే ఉన్న టికెట్‌ను స్క్రీన్ మీద తెరిచి, అరగంటసేపు రెప్ప వేయకుండా చూస్తూ కూర్చుంది. కౌంటరు ముందు నిలబడినవాళ్లను తమ్ముడే తనవైపు పిలుచుకున్నాడు.

పిన్ని కొడుకు ఫోన్ చేసి అప్పటికి ఎంతోసేపు కాలేదు. ఆస్పత్రి వరండాలోంచి చేసినట్టున్నాడు, ఎవరో అతన్ని పక్కకు తప్పుకోమంటున్నారు. "అక్కా, బుధవారం గడవడం కష్టమంటున్నారు డాక్టర్లు. పెద్దమ్మని ఎలాగోలా తీసుకురా" అన్నాడు. ఎలా ఉందని అడిగేలోపే లైను తెగిపోయింది.

ఆమె తల్లీ, పిన్నీ ముప్ఫై ఏళ్లు కలిసి బడిపిల్లల యూనిఫారాలు కుట్టారు. తల్లి బల్ల దగ్గర నిలబడి గుడ్డ కత్తిరించేది, పిన్ని మిషను తొక్కేది. ఆ కత్తెరా ఆ మిషనూ కలిసే ఆమెను డిగ్రీ దాకా చదివించాయి. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మనిషి ఆమె ఒక్కతే. పదకొండేళ్ల కిందట, బళ్లు తెరవడానికి పన్నెండు రోజులుందనగా, బాబాయికి పైదేశంలో పని దొరికినట్టు కాగితాలొచ్చాయి. మూడువందల నలభై చొక్కాల గుడ్డ కత్తిరించి, కొలతలవారీగా మూటలు కట్టి ఉంది. పిన్ని మిషను మీద దుప్పటి కప్పి, పిల్లవాణ్ణి తీసుకుని మొగుడి వెంట వెళ్లిపోయింది. తల్లి ఇరుగుపొరుగు ఆడవాళ్లను బతిమాలి కుట్టించినా సగం కూడా సమయానికి అందలేదు. ఆ బడివాళ్లు మళ్లీ ఆ గడప తొక్కలేదు. అక్కడ స్థిరపడ్డాక పిన్ని ఫోన్ చేస్తే, "నాకో చెల్లెలుండేది. ఇప్పుడు లేదు" అని తల్లి పెట్టేసింది. ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు. బాబాయి పోయినప్పుడు కూడా ఉత్తరమే వచ్చింది, జవాబు వెళ్లలేదు.

పిన్నికి ఊపిరితిత్తుల జబ్బు ముదిరిందని నెలకిందటే తెలిసింది. పిన్ని కొడుకు పిలుపు కాగితాలు పంపాడు. ఆఫీసు తమ్ముడు రాత్రనక పగలనక తిరిగి మూడు వారాల కిందటే ఇద్దరికీ వీసాలు వేయించాడు. తీరా చూస్తే తల్లి మొండికేసింది. "నేను రాను. వెళ్లింది అది. రావాల్సింది కూడా అదే." పాస్‌పోర్టులు బీరువాలో పడున్నాయి.

ఇవాళ ఆ కబురు చెప్పడానికి ఇంటికి ఫోన్ చేస్తే తల్లి డాక్టరు మాట రెండోసారి చెప్పించుకుంది. తర్వాత, "విమానం ఎప్పుడే?" అంది. అంతే.

దారులు రెండు. మొదటిది మంగళవారం రాత్రి బయల్దేరి, బుధవారం తెల్లవారాక ఆరూ పదికి మధ్యదారిలో దింపుతుంది. ఏడూ అయిదుకి రెండో విమానం. అది అందితే సాయంత్రం ఐదింటికల్లా పిన్ని ఊళ్లో ఉంటారు. అందకపోతే మళ్లీ రాత్రికే విమానం, చేరేది గురువారం పొద్దున. రెండోది వేరే కంపెనీ. మధ్యలో మూడున్నర గంటలు తీరిగ్గా కూర్చోవచ్చు, తప్పే భయం లేదు. కానీ దిగేసరికి బుధవారం రాత్రి తొమ్మిదిన్నర. బయటపడి ఆస్పత్రికి చేరేసరికి పదకొండు.

ఆఫీసు యజమానిని అందరూ పెద్దాయన అనేవారు. ఆయన వెనకనుంచి వచ్చి స్క్రీను చూశాడు. "నన్నడిగితే రెండోదే అమ్మాయ్. పందొమ్మిదేళ్లుగా ఈ కుర్చీలో కూర్చుని నువ్వు ఎంతమందికి చెప్పావు ఆ మాట?"

"చెప్పాను సార్. వాళ్లలో ఎవరి పిన్నీ ఇలా లేదు."

ఎప్పుడూ ఆమెను ఆటపట్టించే తమ్ముడి మొహంలో ఇవాళ నవ్వు లేదు. "అక్కా, మొదటిది తీసుకోండి. బుధవారం అంటే పొద్దునో రాత్రో డాక్టరుకే తెలీదు. నాలుగున్నర గంటలు ముందుంటారు."

"తప్పిపోతే?"

తమ్ముడు పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టాడు.

ఆ మధ్యదారి విమానాశ్రయం ఆమెకు చూడకపోయినా కంఠతా వచ్చు. దిగే గేటు నుంచి ఎక్కే గేటుకు పదకొండువందల మీటర్లు, మధ్యలో ఒక చెకింగ్. తనైతే పన్నెండు నిమిషాల్లో నడిచేస్తుంది. తల్లికి డెబ్భై ఒకటి. నలభై ఏళ్లు కత్తిరింపు బల్ల దగ్గర నిలబడి నిలబడి మోకాళ్లు అరిగిపోయిన మనిషి.

సాయంత్రం ఇంటికెళ్లగానే తల్లి చేత బూట్లు వేయించింది. వాళ్లింటి నుంచి బస్సు డిపో గేటు దాకా ఫోన్‌లో కొలిస్తే పదకొండువందల యాభై మీటర్లొచ్చింది.

"ఏమిటే ఇది? ఈ వయసులో నన్ను పరుగుపందెంలో దింపుతున్నావా?"

"పరుగెత్తొద్దమ్మా. రేపు ఎయిర్‌పోర్టులో ఎలా నడుస్తావో అలా నడువు."

"ఎయిర్‌పోర్టులో ఎలా నడుస్తారో నాకేం తెలుసు? నేనెప్పుడైనా వెళ్లి చచ్చానా?"

అయినా నడిచింది. ముందుకు వంగి, కుడిచేత్తో గాలిని వెనక్కి తోసుకుంటూ, అటూ ఇటూ ఊగుతూ నడిచింది. కూతురు పక్కన వాచీ చూసుకుంటూ నడిచింది. దారిలో తాళాలు బాగుచేసే అతను తల ఎత్తి చూసి నోరెళ్లబెట్టాడు. ఈ పెద్దామె ఇంత వేగంగా కదలడం అతను ఎన్నడూ చూసి ఉండడు.

"ఏంటమ్మా, బస్సు తప్పిందా?"

"బస్సు కాదు నాయనా, విమానం!" అంది తల్లి, ఆగకుండానే.

డిపో గేటు చువ్వ పట్టుకుని నిలబడి చాలాసేపు రొప్పింది. తర్వాత, "ఎంత?" అని అడిగింది.

"పందొమ్మిది నిమిషాలు."

"చాలదా? ఇంకోసారి నడుస్తాను. పదిహేడులో వస్తాను."

"చాలమ్మా, చాలు. కూర్చో కాసేపు."

తల్లి కూర్చోలేదు. బస్సులు ఒకదాని వెనక ఒకటి లోపలికొస్తుంటే చూస్తూ అంది. "దాన్ని ఒక్కసారి చూడాలే. చూసి, కడుపునిండా తిట్టాలి."

"తిట్టడానికా ఇంత దూరం?"

"నేను తిడితే అది నవ్వుతుంది. చిన్నప్పట్నుంచీ అంతే, తిట్టేకొద్దీ నవ్వుతుంది. మిషను ఆపేసి మరీ నవ్వేది, ముండ." తల్లి మొహం పక్కకు తిప్పుకుంది. "పద. ఇంటికి నెమ్మదిగా పోదాం."

అప్పుడే ఆమె తీర్మానించుకుంది. యాభై అయిదులో గేటు మూసే పదిహేను నిమిషాలు తీసేస్తే నలభై. నడకకు పందొమ్మిది. చెకింగ్‌కి పది వేసుకున్నా ఇంకా పదకొండు మిగులుతాయి. అందుతుంది.

మంగళవారం పొద్దున్నే ఆఫీసుకెళ్లి టికెట్ రాసింది. ఆ ఆఫీసులో పెద్దాయన పెట్టిన పద్ధతి ఒకటుంది. అరవై అయిదు దాటిన ప్రయాణికుడెవరైనా సరే, అడక్కుండానే వీల్‌చైర్ కావాలని రాసేయాలి. పెద్దవాళ్లు నోరు తెరిచి అడగరు, మొహమాటపడతారు, అక్కడికెళ్లాక మోకాళ్లు పట్టుకుని బాధపడతారు అనేవాడాయన. ఆ పద్ధతి ఆమెకు ఇష్టం. ఎంతమంది పెద్దవాళ్లు తిరిగొచ్చాక కౌంటరు దగ్గరికొచ్చి ఆమె చెయ్యి పట్టుకుని "చల్లగా ఉండు తల్లీ" అన్నారో లెక్కలేదు. ఆ అలవాటు ఎంతగా ముదిరిందంటే, పుట్టిన సంవత్సరం చూడగానే వేళ్లు వాటంతటవే వీల్‌చైర్ గుర్తు నాలుగక్షరాలూ కొట్టేసేవి.

తల్లి పుట్టిన తేదీ కొట్టినప్పుడూ అదే జరిగింది. ఆ క్షణాన ఆమె మనసు రెండో విమానం గేటు నంబరు మీద ఉంది. టికెట్ అచ్చయి బయటికొచ్చింది. రెండుసార్లు చదువుకుంది. పేర్లు చూసింది, తేదీలు చూసింది, వేళలు చూసింది. అడుగున చిన్న అక్షరాల వరుస చూడలేదు.

"రెండు గంటలమ్మ పని అయిపోయినట్టేనా అక్కా?" అన్నాడు తమ్ముడు మెల్లగా.

"అయిపోయింది తమ్ముడూ. ఇవాళ్టి నుంచి నన్ను ఏమని పిలుస్తావో నీ ఇష్టం."

విమానంలో వాళ్లకు అట్టడుగు వరుసలో సీట్లు దొరికాయి. చివరి నిమిషపు టికెట్లకు అవే మిగులుతాయి. తల్లి కునుకు తీయలేదు. దుప్పటి విప్పలేదు. ఇచ్చిన భోజనం మూత కూడా తీయలేదు. మెలకువగా కూర్చుంటే విమానం తొందరగా వెళ్తుందన్నట్టు ముందు సీటు వీపునే చూస్తూ కూర్చుంది. దిగడానికి గంట ముందే సంచి ఒళ్లో పెట్టుకుని, బూట్ల తాళ్లు బిగించుకుంది.

తలుపులు తెరిచేసరికి ఆరూ ఇరవై. పది నిమిషాలు ఆలస్యం. ఇంకా ముప్ఫై ఉన్నాయి, మిగులు పోయింది గానీ అందుతుంది అనుకుంది కూతురు. తల్లి రెక్క పట్టుకుని లేపబోయింది. అప్పుడు చేతిలో జాబితాతో ఒక ఎయిర్‌హోస్టెస్ వచ్చింది.

"వీల్‌చైర్ మీకే కదండీ? అందరూ దిగాక కుర్చీ వస్తుంది. అప్పటిదాకా మీరు కూర్చోవాలి."

కూతురికి నిన్నటి బల్ల, కీబోర్డు, తన వేళ్లు ఒక్కసారిగా కళ్లముందు కనపడ్డాయి. "అక్కర్లేదండీ. అది పొరపాటున పడింది. మేం నడిచి వెళ్తాం. మాకు ఏడూ అయిదుకి విమానం ఉంది."

"అయితే కుర్చీయే మంచిది. వాళ్లకు దగ్గరి దారులు తెలుసు. చెకింగ్ దగ్గర క్యూ కూడా ఉండదు. మీకోసం మనిషి వచ్చేశాడు, ముందువాళ్లు దిగగానే లోపలికొస్తాడు."

అవి ఆమె సొంత మాటలే. ఆ కౌంటరు వెనక కూర్చుని వందలమందికి చెప్పిన మాటలే. నడవా నిండా జనం పెట్టెలు దించుకుంటూ నిలబడి ఉన్నారు. వాళ్లను తోసుకుని ముందుకు పోయే దారి ఎలాగూ లేదు.

"ఏమంటోందే?" అంది తల్లి.

"కుర్చీ వస్తుందట, అమ్మా."

"నాకెందుకే కుర్చీ? నేను నడుస్తానుగా. లే, పద."

"కూర్చో అమ్మా. వీళ్లే మనకన్నా తొందరగా తీసుకెళ్తారు. నాకు తెలుసు కదా."

నాకు తెలుసు కదా అన్న మాటకు తల్లి ఎన్నడూ ఎదురు చెప్పలేదు. చదువుకున్న పిల్ల. బస్సు నంబరు నుంచి మాత్రల చీటీ దాకా ఆ పిల్ల ఏది చెబితే అదే. తల్లి కూర్చుంది. మోకాళ్లు మాత్రం నడవా వైపు తిప్పి, సీటు అంచున కూర్చుంది.

జనమంతా దిగేసరికి ఆరూ ఇరవై ఎనిమిది. కుర్చీ లోపలికి రాలేదు. తలుపు దగ్గర కుర్చీలు కావాల్సినవాళ్లు నలుగురు, తోసేవాళ్లు ఇద్దరు. ముందు సీట్లవాళ్లను ముందు తీసుకెళ్లారు. వీళ్ల వంతు వచ్చేసరికి ఆరూ నలభై ఒకటి. అప్పుడైనా గేటుకు పోలేదు. లిఫ్టులో కిందికి దించి, ఒక గాజుగదిలో వరసగా ఉన్న కుర్చీల పక్కన నిలిపి, "బగ్గీ వస్తుంది, అదే మీ గేటుకు తీసుకెళ్తుంది" అని ఆ మనిషి వెనక్కి పరుగెత్తాడు.

ఆరూ నలభై ఆరు. నలభై ఏడు. కూతురు గాజు తలుపు దగ్గరికీ కుర్చీ దగ్గరికీ కాలుగాలిన పిల్లిలా తిరిగింది.

తల్లి లేచి నిలబడింది. "నేను నడుస్తున్నాను. నువ్వొస్తే రా."

గదిలోని ఉద్యోగి ఏదో కేక వేశాడు. ఇద్దరూ ఆగలేదు. తల్లి డిపో దారిలో నడిచినట్టే నడిచింది, చేత్తో గాలిని వెనక్కి తోసుకుంటూ. చెకింగ్ దగ్గర పెద్ద వరస. కూతురు ఒక్కొక్కరినీ బతిమాలుతూ తల్లిని ముందుకు తీసుకెళ్లింది. కొందరు జరిగారు, కొందరు జరగలేదు. గేటు చేరేసరికి ఏడూ రెండు. గేటు బల్ల దగ్గర ఒకామె కాగితాలు సర్దుతోంది. అద్దంలోంచి విమానం కనిపిస్తూనే ఉంది. దాని పొట్టకు ఆనించిన వంతెన ఇంకా తీయను కూడా లేదు.

"ఆరూ యాభైకి మూసేశామండీ."

మూసిన గేటు మళ్లీ తెరవరని ఆమెకన్నా ఎక్కువ తెలిసినవాళ్లు ఆ హాల్లో ఎవరుంటారు? అయినా రెండు చేతులూ జోడించి అడిగింది. మా పిన్ని పోయేలా ఉందండీ, మా అమ్మ ఒక్కసారి చూడాలండీ అంది. గేటు ఆమె మంచిదే. కళ్లలో నీళ్లు తిప్పుకుంది, ఎవరికో ఫోన్ కూడా చేసింది. గేటు తెరవలేదు. వంతెన విమానాన్ని విడిచి వెనక్కి జరగడం ముగ్గురూ చూశారు.

రాత్రి తొమ్మిదింటి విమానానికి టికెట్లు మార్చి ఇచ్చారు. కూతురు పిన్ని కొడుక్కి ఫోన్ చేసి, "తప్పిపోయింది, రేపు పొద్దున్నకు వస్తాం" అంది. "సరే అక్కా, డాక్టరు పిలుస్తున్నారు, మళ్లీ చేస్తాను" అని అతను పెట్టేశాడు.

కిటికీ పక్కన బెంచీ మీద కూర్చున్నారు. కాసేపటికి తల్లి అడిగింది. "కుర్చీ కావాలని వాళ్లకెవరు చెప్పారే?"

విమానం కంపెనీవాళ్లు రాసుకుంటారులే అమ్మా అని చెప్పొచ్చు. తల్లి నమ్మేది కూడా.

"నేనే రాశానమ్మా."

"నువ్వా?"

"పెద్దవాళ్లందరికీ రాస్తాం మా ఆఫీసులో. అలవాటు మీద రాసేశాను. చూసుకోలేదు."

తల్లి ఆమెవైపు తిరిగింది. "నడిచి చూపించాను కదే! డిపో దాకా నడిచి చూపించాను కదా నీకు! అందరూ చూస్తుండగా, పిచ్చిదానిలా!"

చుట్టుపక్కలవాళ్లు తలలు తిప్పి చూశారు. తల్లి సంచి గుండెకు హత్తుకుని, మళ్లీ కిటికీవైపు తిరిగిపోయింది. మధ్యాహ్నమంతా అలాగే కూర్చుంది. కూతురు టీ తెచ్చింది, అది చల్లారిపోయింది. రొట్టె తెచ్చింది, అది కాగితంలోనే ఉండిపోయింది. ఏమీ చేయడానికి లేక ఆమె లెక్కలు వేసుకుంటూ కూర్చుంది. ఆ రెండో టికెట్ తీసుకుని ఉంటే ఈపాటికి ఎక్కడుండేవాళ్లం? ఈపాటికి విమానం మారి ఉండేవాళ్లం. ఈపాటికి సగం దారి దాటేవాళ్లం. ఆపుదామన్నా ఆ లెక్క ఆగలేదు.

సాయంత్రం ఏడూ నలభైకి నీళ్లసీసా నింపుకురావడానికి వెళ్లింది. తిరిగి వస్తుంటే దూరం నుంచే కనిపించింది. ఛార్జింగ్‌కి పెట్టిన ఫోను తల్లి చెవి దగ్గర ఉంది. వైరు పొట్టిది కావడంతో తల్లి పక్కకు వంగిపోయి కూర్చుంది.

"ఆ... ఆ... సరే నాయనా," అంటోంది. "ఏడవకు. నువ్వేం చేస్తావు, నువ్వు చేయాల్సిందంతా చేశావు... సరే. మేం వచ్చేదాకా ఉంచండి."

ఫోన్ కింద పెట్టింది. "పోయింది," అంది.

పిన్ని ఊళ్లో అప్పుడు పదకొండూ నలభై. కూతురు నీళ్లసీసా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పదకొండింటికి ఆస్పత్రిలో ఉండేవాళ్లు. ఆ రెండో టికెట్ కొని ఉంటే పదకొండింటికి పిన్ని మంచం పక్కన ఉండేవాళ్లు.

"నలభై నిమిషాలమ్మా," అంది. "పెద్దాయన చెప్పాడు, రెండోది తీసుకోమని. నేనే వినలేదు. ఇదైనా అందేదేమో, ఆ కుర్చీ రాయకపోతే. రెండుసార్లు చేజేతులా... నేనే చేశానమ్మా, నీకు నీ చెల్లెల్ని లేకుండా నేనే చేశాను." బెంచీ ముందు నేలమీద కూలబడి, తల్లి మోకాళ్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

తల్లి ఫోను వైరు ఊడదీసి చుట్టింది. తర్వాత ఆమె నెత్తిమీద చెయ్యి వేసింది.

"లే. లేచి నీళ్లు తాగు. దానికి ఆదివారం నుంచే తెలివి లేదట."

కూతురు తలెత్తింది. "ఏమిటీ?"

"ఆదివారం కళ్లు మూసిందట, మళ్లీ తెరవలేదట. మన పిల్లాడు మనతో అనలేదంతే, అంటే నేను బయల్దేరనేమోనని. నువ్వు ఏ విమానం ఎక్కించినా నేను చూసేది ఆ కళ్లు మూసిన మొహమే. నువ్వూ నీ నిమిషాలూ!" తల్లి పైటచెంగులా వేలాడుతున్న శాలువా అంచుతో మొహం తుడుచుకుంది. "మూడు వారాల కింద నువ్వు రమ్మన్నావు. నేను రానన్నాను. ఆ లెక్క నాది. అది నాకొదిలెయ్. నువ్వు పెట్టుకోకు."

ఆ మాటకు కూతురి గుండె బరువు సగం దిగింది. దిగినందుకు సిగ్గు కూడా వేసింది. ఆ సిగ్గుతోనే చల్లారిన టీ తాగింది, రొట్టె చెరిసగం చేసింది. తల్లి కూడా ఒక ముక్క నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలింది. విమానం ఎక్కాక, మూడు రోజుల తర్వాత మొదటిసారిగా, కూతురు తల్లి భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. మధ్యలో ఒకసారి మెలకువ వచ్చి చూస్తే తల్లి కళ్లు తెరిచే ఉన్నాయి.

పొద్దున ఏడింటికి దిగారు. బయట పిన్ని కొడుకు నిలబడి ఉన్నాడు. తను పనిచేసే రొట్టెల ఫ్యాక్టరీ చొక్కా మీదే వచ్చాడు, మార్చుకునే తీరిక దొరికినట్టు లేదు. పదకొండేళ్ల కిందట నిక్కర్లు వేసుకుని వెళ్లినవాడు ఇప్పుడు గడ్డంతో, పెద్దమ్మ కన్నా అడుగు పైకున్నాడు. వంగి, పెద్దమ్మ భుజంలో మొహం దాచుకున్నాడు. "పెద్దమ్మా, పెద్దమ్మా" అన్నాడంతే. తల్లి అతని వీపు నిమిరింది. "సరే నాయనా. సరే. పోదాం పద."

కారులో తల్లీకూతుళ్లు వెనక కూర్చున్నారు. రోడ్డు తడిగా ఉంది. పనులకు పోయేవాళ్లు బస్సుల కోసం వరసల్లో నిలబడి ఉన్నారు. అతను రెండు రాత్రులుగా నిద్రలేని మనిషి. మాట్లాడకపోతే నిద్ర ముంచుకొస్తుందన్న భయం కాబోలు, చెప్పుకుంటూనే పోయాడు.

"నిన్న మధ్యాహ్నమంతా బాగానే ఉంది పెద్దమ్మా. అదే నాకు ఆశ్చర్యం. దిండు ఎత్తు పెట్టించుకుంది. నర్సు చేత తల దువ్వించుకుంది, మా అక్కొస్తే ఇలా ఉంటే తిడుతుందని. నిజంగా నవ్వింది తెలుసా ఆ మాటంటూ. ఐదింటికి నన్ను పిలిచి, అక్క విమానం దిగిందా అని అడిగింది. తప్పిపోయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. దిగారమ్మా, ట్రాఫిక్‌లో ఉన్నారు అన్నాను. ఎనిమిది దాకా తలుపువైపే చూస్తూ..."

కూతురు మెల్లగా తల తిప్పి తల్లివైపు చూసింది. తల్లి చూడలేదు. తల్లి కళ్లు ముందు సీటు వీపు మీదే ఉన్నాయి, మెడ నరాలు బిగుసుకుని ఉన్నాయి.

"రోడ్డు చూసి నడుపు నాయనా," అంది తల్లి.

అతను రోడ్డునే చూస్తున్నాడు.